ఉప్పుగాలికీ తుపానుకీ నిలిచే పొగడ చెట్టును ఇంటి ముందు పెంచడం ఎలా?

మా అక్కవాళ్ళు అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటారు. ఏటా మే నెల వచ్చిందంటే వాళ్ళింటి ముందున్న క్రాబ్ ఆపిల్ చెట్టు ఫొటో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఆకు కనపడదు, అంతా గులాబీ రంగు పూలే. చలికాలమంతా మంచులో మోడులా నిలబడి, నాలుగు రోజులు ఎండ తగలగానే అలా విరగబూస్తుంది. పోయినసారి ఫొటోతో పాటు అక్క ఒక ప్రశ్న కూడా పెట్టింది: "తమ్ముడూ, ఇలాంటిది ఒకటి మన సోంపేట ఇంటి ముందు వేస్తే బతుకుతుందా?"

బతకదు. 2 అంగుళాల లోపు కాయలు కాసే ఆపిల్ జాతి చెట్లను క్రాబ్ ఆపిల్ అంటారు. ఆపిల్ జాతి ఏదైనా సరే, దాని మొగ్గ విచ్చుకోవాలంటే ముందు చలిలో నిద్రపోవాలి. 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటల పాటు తగలాలి. హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ తోటల మధ్య పరాగసంపర్కం కోసం క్రాబ్ ఆపిల్ చెట్లు నాటుతారు. అక్కడ ఆ చలి ఉంది కాబట్టి సరిపోయింది. మన తీరంలో భోగి మంట వేసుకునే రోజున కూడా అంత చలి ఉండదు. మొక్కను ఎలాగో బతికించినా అది ఆకులతో ఈడ్చుకుంటూ వస్తుందే తప్ప పూతకు రాదు.

అయితే అక్క ప్రశ్న నన్ను వదల్లేదు. ఆమె అడిగింది ఆపిల్ గురించి కాదు. ఇంటి ముందు ఒక పూలచెట్టు ఉండాలి, పిట్టలు తినే చిన్న పళ్ళు కాయాలి, ఆ ఊరి వాతావరణానికి బెదరకూడదు. వాళ్ళ ఊళ్ళో బెదిరించేది చలి. మన ఊళ్ళో గాలి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ అయితే అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. ఆ రోజు మా ఇంటి ముందున్న తురాయి చెట్టు వేళ్ళతో సహా లేచి ప్రహరీ మీద పడింది. ఎంత పెద్ద చెట్టో! పెకిలిన వేళ్ళు చూస్తే మాత్రం అన్నీ పైపైనే చాపలా పరుచుకుని ఉన్నాయి. అక్కడికి నూరు గజాల దూరంలో, గుడి వెనకున్న పాత పొగడ చెట్టు ఆకులన్నీ రాలిపోయి నిలబడే ఉంది. నెల తిరగకుండా మళ్ళీ చిగురేసింది.

అప్పటి నుంచి నన్ను ఎవరు అడిగినా పొగడ వేసుకోమనే చెబుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి ముందు పూలచెట్టు కావాలనుకునేవాళ్ళకు ఇంతకంటే నమ్మకమైనది నాకు తెలియదు. సపోటా, ఇప్ప, పొగడ ఒకే కుటుంబం. ఆకు తుంచితే పాలు కారడం, ఇప్పపువ్వులాగే తెల్లవారేసరికి పువ్వు తనంతట తానే రాలి ఉండటం చూస్తే ఆ చుట్టరికం తెలుస్తుంది. కర్ర గట్టిది, ఆకు దళసరిది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ఉప్పుగాలిని, ఇసుక నేలను ఓర్చుకుంటుంది. దీనికున్న లోటు ఒక్కటే, నిదానంగా పెరుగుతుంది. రెండేళ్ళలో ఇంటి మీదికి నీడ కావాలనుకుంటే ఇది మీ చెట్టు కాదు. కాని ఆ నిదానంలోనే దాని బలం ఉంది. తొందరగా పెరిగే చెట్టు కర్ర మెత్తగా ఉంటుంది, గాలికి మొదట విరిగేది అదే.

ముందు చోటు చూసుకోండి

పొగడ ముప్పై, నలభై అడుగుల ఎత్తు వరకు పెరుగుతుంది. గొడుగులా గుండ్రంగా, ఒత్తుగా విస్తరిస్తుంది. అందుకని ఇంటి గోడకు కనీసం 15 అడుగులు, వీలైతే 20 అడుగులు వదలండి. తల పైకెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి. తీగల కింద వేస్తే ఏటేటా ఎవరో ఒకరు వచ్చి తల నరికేస్తారు, నరికిన చోట పుట్టే గుబురు కొమ్మలే తర్వాత గాలికి విరుగుతాయి. సెప్టిక్ ట్యాంకుకు, బోరుకు దూరంగా ఉంచండి. ఎండ రోజంతా తగలాలి. నీడలో చెట్టు బతుకుతుంది గాని పూత తగ్గిపోతుంది.

నీరు నిలిచే పల్లం అసలు వద్దు. నాగావళి, వంశధార పక్కనున్న ఊళ్ళలో కొన్ని పెరళ్ళు వానాకాలంలో పది రోజులు చిత్తడిగానే ఉంటాయి. అలాంటి చోట వేరు లోతుకు దిగదు, పైనే ఆగిపోతుంది. తప్పనిసరైతే అడుగున్నర ఎత్తున, ఆరేడు అడుగుల వెడల్పున మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి.

గింజా, నర్సరీ మొక్కా?

ఓపిక ఉంటే గింజ వెయ్యండి. గింజ నుంచి వచ్చిన మొక్కకు తల్లివేరు నిటారుగా దిగుతుంది. పాత పొగడ చెట్టు కింద రాలిన, నారింజ రంగు తిరిగిన పళ్ళు ఏరి తెచ్చుకోండి. పండు వగరుగా, కాస్త తియ్యగా, పిండి పిండిగా ఉంటుంది. చిన్నప్పుడు మేం అవే తిని తిరిగేవాళ్ళం. గుజ్జు తీసేసి కడిగితే లోపల గోధుమరంగులో నిగనిగలాడే గింజ ఉంటుంది. దాన్ని డబ్బాలో దాచొద్దు. నాలుగైదు రోజుల్లో నాటెయ్యండి. పాతబడే కొద్దీ మొలిచే శక్తి తగ్గుతుంది. సగం ఇసుక, సగం చివికిన గెత్తం (పశువుల ఎరువు) కలిపిన పొడవాటి కవర్లో అర అంగుళం లోతున పెట్టి, తడి ఆరకుండా చూసుకోండి. మొలకకు వారాలు పడుతుంది. మొలవలేదని గోటితో తవ్వి చూడొద్దు, నేను అలా చూసి రెండు పాడుచేశాను. కవరు పొడవుగా ఉండటం ముఖ్యం. పొట్టి కవర్లో తల్లివేరు అడుగున తగిలి చుట్ట చుట్టుకుంటుంది.

నర్సరీ నుంచి తెచ్చుకునేట్టయితే ఎత్తు చూసి మోసపోవద్దు. కడియం నుంచి వచ్చే వ్యాన్లలో ఎనిమిది అడుగుల చెట్లు కూడా దొరుకుతాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కాని వాటి వేళ్ళు ఏళ్ళ తరబడి సంచిలో గిరగిరా తిరిగి ఉంటాయి, తల్లివేరు ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. అవి నాటాక పైకి బాగానే పెరుగుతాయి, అసలు సంగతి అక్టోబరులో తెలుస్తుంది. రెండు మూడు అడుగుల మొక్క చాలు. కొనేముందు మూడు పనులు చేయండి. కాండాన్ని మొదట్లో పట్టుకుని మెల్లగా ఊపండి. మట్టితో కలిసి కదలాలి గాని మట్టిలో వదులుగా తిరగకూడదు. కవరు అడుగు చూడండి, లావాటి వేరు చీల్చుకుని బయటికి వచ్చి ఉంటే అది వద్దు. మొదట్లో మట్టిని వేలితో కాస్త పక్కకు తోసి చూడండి, కాండం చుట్టూ తాడులా ఏ వేరైనా బిగుసుకుని ఉంటే అదీ వద్దు. ఆ వేరు లావయ్యే కొద్దీ చెట్టు మెడ పట్టుకుంటుంది.

గుంత, నాటడం

గుంత ఎండలు ముదిరినప్పుడే, అంటే మే నెలలో తవ్వి వదిలెయ్యండి. ఎండకి మట్టిలో పురుగూ పుట్రా తగ్గుతుంది. ఎర్రనేలైతే రెండున్నర అడుగులు, ఉద్దానం వైపు ఇసుక నేలైతే మూడడుగులు, అన్ని వైపులా అంతే. గుంత గోడలు నున్నగా ఉంటే గునపంతో నాలుగు పోట్లు పొడిచి గరుకు చెయ్యండి. నున్నటి గోడ తగిలితే లేతవేరు పక్కకు తిరిగిపోతుంది. విజయనగరం వైపు గట్టి ఎర్రనేలల్లో ఇది మరీ అవసరం. అక్కడ గుంత ఒక కుండీలా తయారై వేళ్ళు అందులోనే తిరుగుతూ ఉండిపోతాయి.

జూన్ చివర్లోనో జూలైలోనో రెండు మంచి వానలు పడి నేల లోపలి దాకా తడిశాక నాటండి. తవ్వి తీసిన మట్టి మూడు వంతులు, బాగా చివికిన గెత్తం ఒక వంతు, కిలో వేపపిండి కలపండి. ఇసుక నేలైతే రెండు తట్టల చెరువు మట్టి కూడా వెయ్యండి, తేమ నిలుస్తుంది. చాలామంది ప్రేమకొద్దీ గుంతంతా ఎరువుతో నింపేస్తారు. అలా చేస్తే వేరు ఆ మెత్తటి చోటే హాయిగా ఉండిపోతుంది, బయటి గట్టి నేలలోకి వెళ్ళదు. పచ్చి గెత్తం వేస్తే చెదలు వస్తాయి, అది ఇంకో తలనొప్పి.

ఇప్పుడు కవరు బ్లేడుతో నిలువుగా కోసి తీయండి. లాగొద్దు. మట్టిముద్ద చుట్టూ సన్నవేళ్ళు చుట్ట తిరిగి ఉంటే వేళ్ళతో విడదీసి బయటికి చాపండి. చాపితే రాని వేరును కత్తిరించినా ఫరవాలేదు, కొత్తది నిటారుగా వస్తుంది. మొక్క కవర్లో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఉండాలి. కాండం మొదలు వేరుగా మారే చోట కొంచెం లావెక్కి ఉంటుంది, ఆ చోటు మట్టి పైకి కనపడాలి. మట్టి వేసి కాలి మడమతో గట్టిగా తొక్కొద్దు, చేత్తో అదిమి, రెండు బిందెల నీళ్ళు పోస్తే మట్టి దానంతటదే సర్దుకుంటుంది.

కర్ర కట్టే దగ్గరే పొరపాటు జరుగుతుంది

ఈ ఒక్క విషయం కోసమే ఇదంతా రాస్తున్నానన్నా తప్పులేదు. మొక్క నాటగానే మనం చేసే పని, పక్కనే ఒక సరుగుడు కర్ర పాతి, కాండాన్ని దానికి కింద నుంచి పై దాకా నైలాన్ తాడుతో బిగించి కట్టడం. నేనూ మొదటి మొక్కకు అలాగే చేశాను. రెండేళ్ళ పాటు అలాగే వదిలేశాను. మొక్క ఏపుగా, కర్ర అంత నిటారుగా పెరిగింది. కర్ర విప్పిన రోజు అది విల్లులా వంగి నేలను తాకింది. ఎత్తు ఆరడుగులు, కాండం చూస్తే చిటికెన వేలంత. తాడు కట్టిన చోట బెరడు లోపలికి కోసుకుపోయి, చేత్తో తడిమితే ఉంగరంలా గాడి తగిలేది. ఆ మొక్క దక్కలేదు. జీడితోటల్లో పనిచేసి తలపండిన మా చిన్నాన్న చూసి ఒకే మాట అన్నాడు: "కర్రకి కట్టీసి నిలబెడితే, దానికి కాళ్ళెలాగొస్తాయిరా?"

మొక్క కాండం గాలికి ఊగుతూ ఉంటేనే లావెక్కుతుంది. ఊగినప్పుడల్లా మొదట్లో కర్ర గట్టిపడుతుంది, వేళ్ళు పట్టు కోసం పక్కలకు సాగుతాయి. ఊగనివ్వకపోతే అది ఎత్తు మీదే దృష్టి పెడుతుంది. కాబట్టి మూడడుగుల లోపు బలమైన మొక్కకు కర్రే అక్కర్లేదు. మీ ఇల్లు సముద్రం వైపు తెరుచుకుని ఉండి గాలి మరీ ఎక్కువైతే, మొక్కకు అటొకటి ఇటొకటి, అడుగున్నర దూరంలో రెండు కర్రలు పాతండి. మట్టిముద్ద లోంచి దిగకుండా బయట పాతాలి. పాత నూలు చీర చింపి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ చేసుకుని, మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. తల స్వేచ్ఛగా ఊగాలి, మొదలు మాత్రం పెకలకూడదు. ఏడాది తిరగ్గానే, మళ్ళీ వానలు మొదలయ్యాక, విప్పెయ్యండి. విప్పే తారీకు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, మరిచిపోయేది ఇక్కడే.

రెండు వైపులా కర్ర ఎందుకంటే, తుపాను గాలి ఒక వైపు నుంచే రాదు. తుపాను కన్ను మన మీదుగా పోతే కాసేపు అంతా సద్దుమణిగినట్టు ఉండి, తర్వాత ఎదురు వైపు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. మొదటి గాలికి వదులైన చెట్టును ఆ రెండో గాలి పడగొడుతుంది.

నీళ్ళు

రోజూ చెంబుతో పోసే నీళ్ళు చెట్టును పాడుచేస్తాయి. నేల పై నాలుగు అంగుళాలే తడుస్తాయి, వేరు కూడా అక్కడికే అలవాటు పడుతుంది. మొదటి ఏడాది ఫిబ్రవరి నుంచి మే దాకా మూడు రోజులకొకసారి రెండు బిందెలు నిదానంగా పొయ్యండి. ఇసుక నేలైతే రెండు రోజులకొకసారి. రెండో ఏడాది వారానికొకసారి నాలుగు బిందెలు. మూడో ఏడాది ఎండలు మరీ మండినప్పుడు మాత్రమే. పాదును ఏటా అడుగు చొప్పున బయటికి జరపండి, నీరు ఎక్కడుంటే వేరు అక్కడికి నడుస్తుంది. పాదులో కొబ్బరి డొక్కలు బోర్లించి పరిస్తే మన ఎండలకు తేమ బాగా ఆగుతుంది, డొక్కలు కాండానికి జానెడు దూరంలో ఉండాలి.

మేకలు లేత పొగడను వదలవు. ఊళ్ళో మేకలు తిరుగుతుంటే ముళ్ళకంపో వెదురు తడకో చుట్టూ కట్టాల్సిందే. సపోటాను పట్టే ఆకు గూడు పురుగు దీన్నీ పడుతుంది. ఆకులు రెండు మూడు దారంతో అతుక్కుని లోపల రెట్టలు కనిపిస్తే ఆ గూళ్ళు తుంచి కాల్చెయ్యండి, అవసరమైతే వేపనూనె చల్లండి. చెట్టు మీద బెంగ పెట్టుకోవాల్సినంత తెగులేమీ నాకు ఎదురుకాలేదు.

కొమ్మలు

మొదటి మూడేళ్ళు కింది కొమ్మలు తీయొద్దు. చూడ్డానికి పొదలా ఉంటుందని పనిమనిషి చేతో మనమో గీకేస్తాం. ఆ కింది ఆకులు వండిన తిండే కాండాన్ని లావు చేస్తుంది. నాలుగో ఏట నుంచి ఏడాదికి రెండు మూడు కొమ్మల చొప్పున కింద నుంచి తీస్తూ వస్తే మనిషి నడిచేంత ఎత్తు వస్తుంది.

చూడాల్సింది పంగలు. రెండు కాండాలు సమానంగా, ఇంగ్లీషు వి అక్షరంలా ఇరుకుగా లేచాయంటే వాటిలో ఒకటి ఇప్పుడే, బొటనవేలంత ఉన్నప్పుడే తీసెయ్యండి. ఆ రెంటి మధ్య బెరడు ఇరుక్కుని అతుకు సరిగ్గా పడదు. పదిహేనేళ్ళ తర్వాత గాలి వచ్చినప్పుడు సరిగ్గా అక్కడే చీలుతుంది, చెట్టులో సగం పోతుంది.

పెద్దయ్యాక ఏటా ఆగస్టులో ఒకసారి చెట్టు కింద నిలబడి పైకి చూడండి. ఆకాశం అసలు కనపడకపోతే లోపల ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఎండు కొమ్మలు తీయించండి. గాలి చెట్టులోంచి దూరి పోవాలి. తల కొట్టించడం మాత్రం వద్దు.

తుపాను వెళ్ళిన మర్నాడు

లేత చెట్టు ఒరిగితే గాబరా పడొద్దు, ఆలస్యమూ చెయ్యొద్దు. నేల ఇంకా మెత్తగా ఉన్న రెండు మూడు రోజుల్లోనే మెల్లగా నిలబెట్టాలి. ఒరిగిన వైపు కాకుండా వేళ్ళు లేచిన వైపు కొద్దిగా మట్టి తీసి, చెట్టును లేపి, మట్టి సర్ది, రెండు మూడు వైపులా కొబ్బరి తాళ్ళతో ఆపు కట్టండి. తాడు కాండానికి తగిలే చోట గోనెసంచి ముక్క చుట్టండి. నేల ఆరిపోయాక లాగితే మిగిలిన వేళ్ళు కూడా పటపటా తెగుతాయి.

సముద్రం దగ్గర ఊళ్ళలో తుపాను తర్వాత ఆకులు మాడినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. అది ఉప్పు. మంచినీళ్ళతో చెట్టును ఒకటి రెండుసార్లు కడిగి, మొదట్లో నీళ్ళు బాగా పెట్టి వదిలెయ్యండి. చెట్టు చచ్చిందని గొడ్డలి తీసుకునేవాళ్ళను తిత్లీ తర్వాత చాలామందిని చూశాను, నా మనసు చివుక్కుమంది. కొమ్మ మీద గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఆ చెట్టు బతికే ఉంది. రెండు నెలలు ఆగండి.

పూత

మా చెట్టు గింజ వేసిన ఏడో ఏట మొదటిసారి పూసింది. మీకు ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చు. వేసవిలో మొదలై వానల దాకా పూస్తుంది. కొమ్మ మీద పువ్వు గొప్పగా కనపడదు. ఆకుల కింద గుత్తులుగా, మీగడ రంగు నక్షత్రాల్లా తల వంచుకుని ఉంటాయి. వాసనే ముందు వస్తుంది. క్రాబ్ ఆపిల్ కంటికి పండగైతే, ఇది ముక్కుకి పండగ. అర్ధరాత్రి దాటాక రాలడం మొదలై, తెల్లారేసరికి చెట్టు కింద చుక్కలు పెట్టినట్టు ఉంటుంది. అందుకే చెట్టు చుట్టూ సిమెంటు చేయించొద్దు. వేళ్ళకు ఊపిరాడదు, పూలు ఎండకు కమిలిపోతాయి. మట్టిని శుభ్రంగా ఊడ్చి ఉంచండి, లేదా రాత్రి పడుకోబోయే ముందు పాత దుప్పటి ఒకటి పరవండి.

సూర్యుడు రాకముందే ఏరుకోవాలి. రాలిన పువ్వు మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది, సూది అక్కర్లేకుండా దారం దూరిపోతుంది. మా అమ్మ సగం పూలు దేవుడికి గుచ్చి, మిగతావి చాటలో నీడన ఆరబెట్టి, మల్లుగుడ్డలో మూటకట్టి చీరల మడతల్లో పెడుతుంది. ఎండినా వాసన పోదు. పోయిన సంక్రాంతికి అక్క వచ్చి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో అలాంటి మూటే ఒకటి పెట్టింది. మిన్నెసోటాలో దిగి పెట్టె తెరవగానే ఫోన్ చేసి, మన వీధరుగు మీద కూర్చున్నట్టుందిరా అంది.